శిల్ప విద్యార్థి చేతికి రాయి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పాటయ్యాక సీమ పిల్లలకు కళల చదువు దగ్గరైంది. సంతోషం. రాష్ట్రంలో శిల్పకళ కోర్సు ఎక్కడ నడిపినా రాతి పనికి ఒక సెమిస్టరు పూర్తిగా కేటాయించాలనీ, దాన్ని నేర్పడానికి రాతి శిల్పాలకు పేరున్న ఆళ్లగడ్డ శిల్పులను డిగ్రీ అడగకుండా తీసుకోవాలనీ ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

మట్టి పనిలో తప్పును దిద్దుకోవచ్చు. మన ఎండలకు మట్టి బొమ్మ వేళ్లు, చెవులు ముందుగా ఎండి కుంచించుకుపోతాయి. బొమ్మ నిలబడటానికి లోపల పెట్టే ఇనుప ఊచ కుంచించుకోదు కాబట్టి దాని వెంబడే పగులుతుంది. తడిగుడ్డ చుట్టి పైన పాలిథిన్ కప్పితే చాలావరకు ఆగుతుంది. పగిలినా మళ్లీ మెత్తి సరిచేసుకోవచ్చు.

రాతిలో ఆ వెసులుబాటు లేదు. రాయిని ఎంచుకోవడంలోనే సగం పనితనం ఉంది. సుత్తితో తడితే ఖంగుమనాలి, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. కడప రాయి పొరలు పొరలుగా లేస్తుంది. అందుకే బండపరుపుకు అంత బాగుంటుంది, నాలుగువైపులా చెక్కే నిండు విగ్రహానికి మాత్రం పనికిరాదు. గ్రానైట్ మీద ఉలిని ఎప్పుడు ఎంత వాలుగా పట్టాలో తెలియాలి. పని పూర్తయ్యే దశలో నిటారుగా పెట్టి గట్టిగా బాదితే రాయి లోపల నలిగి, పాలిష్ పట్టాక తెల్లమచ్చలు తేలతాయి. ఆ మచ్చ పోవాలంటే చుట్టూ ఉన్న భాగమంతా మరింత లోతుకు దించాలి, దాంతో కొలతలు చెడతాయి. విగ్రహం వేళ్ల సందుల్లో రాయిని ఎప్పటిదాకా తొలచకుండా ఉంచాలో, ఉలి ఎప్పుడు మొద్దుబారిందో పక్కన కూర్చుని చూస్తేనే అబ్బుతుంది. లేపాక్షికి తీసుకెళ్లి ఏకశిలా నందిని చూపించినంత మాత్రాన రాదు. పక్కన కూర్చోబెట్టి నేర్పే శిల్పులున్న ఆళ్లగడ్డ కడప నుంచి కర్నూలు వెళ్లే దారిలోనే ఉంది కదా!

దుమ్ము సంగతి ఇంకా ముఖ్యం. గ్రానైట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. అది నయం కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. కనీసం ఎన్95 మాస్కు కావాలి. కోత యంత్రానికి నీటి ధార ఉండాలి, నేలను పొడిచీపురుతో ఊడవకుండా తడిపి ఎత్తాలి. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉంటాయి గనుక కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ట్రిప్ స్విచ్ లేనిదే యంత్రం ఆన్ చేయనివ్వకూడదు.

రాతి షెడ్డుకు, శిల్పుల వేతనానికి, మాస్కులకు వేరుగా పద్దు పెట్టి, వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపే నిధులివ్వాలి.

– శిల్పకళ బోధకులు, కడప