ఏజెన్సీ బడుల్లో ఇంగ్లిష్ చెప్పే టీచర్లకి క్లాసులోనే సాయం కావాలి

ఎడిటర్ గారికి నమస్తే,

సర్కారు బడి పిల్లలకి ఇంగ్లిష్ చదవడం రావట్లేదని పేపర్లలో తరచూ వార్తలొస్తున్నాయి, అవి అబద్ధమని నేను అనను, కానీ ఆ పిల్లలకి చెప్పే టీచర్లకి ఎవరు ఏం నేర్పుతున్నారో ఎక్కడా రాయట్లేదు. నేను ఆదిలాబాద్ ఏజెన్సీలో ఎస్జీటీని, అంటే ప్రైమరీ క్లాసులకి చెప్పే టీచర్‌ని.

2022-23లో మన తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒకేసారి ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు. దానికి నేను వ్యతిరేకం కాదు, కూలికి పోయే తల్లులు కూడా అప్పుచేసి పిల్లల్ని ప్రైవేట్ బడి బస్సెక్కించేది ఇంగ్లిష్ కోసమే కదా, ఆ చదువు ఊళ్ళోనే ఫీజు లేకుండా దొరకాల్సిందే. కానీ మాలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివి, టీచర్ కోర్సు డీఎడ్ కూడా తెలుగులోనే చేసి వచ్చాం. ఒక పేజీ ఇంగ్లిష్, ఒక పేజీ తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు, అది మంచి పని. అయితే మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది గోండి, కొలామి, కొందరు లంబాడీ. వాళ్ళకి తెలుగు కూడా బడికొచ్చాక నేర్చుకునే భాషే, ఇంగ్లిష్ లైన్ చదివి తెలుగులో అర్థం చెప్తే మొహం చూస్తూ కూర్చుంటారు, పైగా ఒకటి నుంచి ఐదు దాకా అన్ని క్లాసులూ ఒకరో ఇద్దరో చూసుకునే బడులు మావి.

ఇక ట్రైనింగులు. పైన రాష్ట్రంలో కొందరికి చెప్తారు, వాళ్ళు జిల్లా ఆర్పీలకి (టీచర్లకి శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లకి), వాళ్ళు మండల ఆర్పీలకి, వాళ్ళు మాకు. మండలానికి చేరేసరికి స్క్రీన్ మీద పీపీటీ తప్ప ఏమీ మిగలదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠ కరోనా టైంలో దీక్షా అనే ఆన్‌లైన్ పోర్టల్లోకి వెళ్ళింది, సిగ్నల్ లేని ఊళ్ళలో ఆ వీడియోలు ఎంతవరకు చూస్తారో మీరే ఆలోచించండి. 2020 జాతీయ విద్యా విధానం టీచర్‌కి ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. గంటలు లెక్కేస్తున్నారు గానీ, ట్రైనింగ్ అయ్యాక క్లాసులో ఏం మారిందని చూడ్డానికి మాత్రం ఎవరూ రారు!

ఒకసారి మాత్రం ఒక ఆర్పీ మేడమ్ మమ్మల్ని పక్కనే ఉన్న ప్రైమరీ స్కూల్‌కి తీసుకెళ్ళి, రెండో తరగతి పిల్లలకి మా ముందే పాఠం చెప్పారు. బొమ్మ చూపించి ముందు వాళ్ళ భాషలో మాట్లాడనిచ్చారు, గోండి వచ్చిన పిల్లనే సాయం అడిగారు, ఆ తర్వాతే చిన్న చిన్న ఇంగ్లిష్ మాటలు, చేతలతో పాటు. తర్వాత అదే పాఠం ఇంకో సెక్షన్లో మా చేత చెప్పించి ఎక్కడ తడబడ్డామో చాటుగా పిలిచి చెప్పారు. అందరిముందు తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న భయం టీచర్లలో చాలా ఉంది సర్, పైకి ఎవరూ చెప్పరు అంతే. ఆ భయం పోకుండా ఎన్ని మాడ్యూళ్ళు ప్రింట్ చేసిచ్చినా బీరువాలోనే ఉంటాయి.

హైదరాబాద్‌లో 1958 నుంచి ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోసమే పెట్టిన సంస్థ ఉంది, ఇప్పుడది ఇఫ్లూ యూనివర్సిటీ. అక్కడివాళ్ళు, డైట్ (జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ) లెక్చరర్లు ఏజెన్సీ మండలాల్లోకి వచ్చి ఒక్కో స్కూల్ కాంప్లెక్స్‌లో (దగ్గర దగ్గర బడులన్నీ కలిపిన గ్రూపులో) కొన్నాళ్ళు మాతోపాటు క్లాసులో కూర్చుంటే చాలా తేడా వస్తుంది. కాంప్లెక్స్ మీటింగుల్లో ఆన్‌లైన్ ఎంట్రీలు, ఫార్మాట్లు పక్కనపెట్టి సగం పూటైనా మేమూ మేమూ ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేలా, ఒకరి పాఠం ఒకరం చూసుకునేలా పెట్టాలి. గోండి, కొలామి తెలిసిన టీచర్లనే ఆర్పీలుగా తీసుకోవాలి. సింగిల్ టీచర్ ట్రైనింగ్‌కి వెళ్ళిన రోజు బడికి తాళం పడకుండా బదులు టీచర్‌ని పంపాలి, ఇది మర్చిపోవద్దు.

ఉట్నూర్ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఒక్క మండలంలోనైనా ఈ జూన్‌లో బడులు తెరవగానే ఇలా మొదలుపెట్టమని విద్యాశాఖ అధికారుల్ని మీ పేపర్ ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎస్జీటీ, ఆదిలాబాద్ జిల్లా