తిరుపతిలో పనిచేసేవారికి తిరుపతిలో ఇల్లు దొరకాలి

సంపాదకులకు,

నమస్కారం. తిరుపతిలో ఇంటి బాడుగలు పెరిగిపోయాయని అప్పుడప్పుడు వార్తలు వస్తున్నాయి గానీ, ఎందుకు పెరిగాయన్న చర్చ మాత్రం జరగడం లేదు. ఐఐటీ, ఐసర్ వంటి సంస్థలు వచ్చాయి, 2022లో జిల్లా కేంద్రం కూడా అయింది, కాబట్టి బాడుగలు పెరగడం సహజమేనని చాలామంది సరిపెట్టుకుంటున్నారు. అందులో కొంత నిజం ఉంది. ఉత్తరాన శేషాచలం కొండలు, అడవి అడ్డుగా ఉన్నందున ఊరు రేణిగుంట, చంద్రగిరి, తిరుచానూరు వైపే విస్తరించక తప్పదు. అయితే ఆ వైపుల లేచిన అపార్ట్‌మెంట్లలో కాపురాలకు మిగులుతున్న ఇళ్లు ఎన్ని?

నేనుంటున్న అపార్ట్‌మెంటులో ఒకప్పుడు ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, దేవస్థానం సిబ్బంది ఉండేవారు. ఇప్పుడు చాలా ఫ్లాట్ల యజమానులు హైదరాబాదులోనో బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు. మా అంతస్తులోనే కొన్ని తలుపులకు నంబరు తాళాలు బిగించారు. వచ్చే యాత్రికులకు ఆ నంబరు ఫోనులో అందుతుంది. సాయంత్రం గుండ్లు చేయించుకున్న పిల్లలతో ఒక కుటుంబం దిగుతుంది, మర్నాడు ఖాళీ చేస్తుంది, మధ్యాహ్నానికి వాచ్‌మన్ భార్య దుప్పట్లు మార్చి తాళం వేస్తుంది. ఆ యాత్రికుల మీద నాకే కోపమూ లేదు. రోజుకు 60 నుంచి 80 వేల మంది స్వామి దర్శనానికి వచ్చే ఊరిలో, విష్ణునివాసం, శ్రీనివాసం దగ్గర టోకెన్ల కోసం గంటల తరబడి నిలబడ్డవారికి నడుం వాల్చుకోవడానికి చోటు కావాల్సిందే. కానీ ఆ చోటు ఎవరిని ఖాళీ చేయించి ఇస్తున్నామో కూడా చూడాలి.

మా పక్క ఫ్లాటులో ఒక స్టాఫ్ నర్సు కుటుంబం కొన్నేళ్లు ఉంది. బ్రహ్మోత్సవాలకు ముందు యజమాని ఖాళీ చేయమన్నారు. అదే బాడుగకు దగ్గరలో ఇల్లు దొరకక వాళ్లు రేణిగుంట దాటి వెళ్లారు. పిల్లల చదువు సంవత్సరం మధ్యలో బడి మారింది. రాత్రి డ్యూటీ ముగించుకున్న ఆవిడ ఇప్పుడు ఇల్లు చేరడానికి ఆర్టీసీ బస్టాండులో బస్సు కోసం కాచుకుంటోంది. కొండ మీదా కింద కూడా అవుట్‌సోర్సింగ్ జీతాలపై ఊడ్చేవారు, వండేవారు, క్యూలైన్లు చూసేవారు ఎందరో ఉన్నారు. వారిదీ ఇదే పరిస్థితి.

దీని వెనుక లెక్క తేలికైనదే. మన దేశంలో ఇంటి మీద నెలవారీ బాడుగ రూపంలో ఏడాదికి వచ్చేది సాధారణంగా ఆ ఇంటి ధరలో రెండు మూడు శాతమే. అందుకే పెట్టుబడి కోసం కొన్న ఇళ్లు చాలాచోట్ల తాళాలతోనే ఉంటాయి. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి. తిరుపతిలో రోజువారీ బాడుగ ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. వారాంతాలు, వైకుంఠ ద్వార దర్శనం రోజులు చాలు, నెల బాడుగను మించి రాబట్టడానికి. అలాంటి రాబడిని లెక్కగట్టి ధర పెట్టేవారితో, సొంతంగా కాపురం ఉండటానికి బ్యాంకు రుణం తీసుకునే చిన్న ఉద్యోగి పోటీ పడలేడు.

ప్రభుత్వ విధానాలు ఈ రెండు కొనుగోళ్ల మధ్య తేడా చూడటం లేదు. మొదటి ఇల్లు కొనేవాడికీ అయిదో ఇల్లు కొనేవాడికీ రిజిస్ట్రేషన్ ఖర్చు అదే 7.5 శాతం. బాడుగకిచ్చే ఉద్దేశంతో రుణాలు తీసుకుని ఇళ్లు కొనే పద్ధతి 1990ల నుంచి బాగా పాతుకుపోయిన ఇంగ్లండులో, అదనపు ఇల్లు కొనేవారిపై 2016లో 3 శాతం అదనపు స్టాంపు సుంకం విధించి, 2024లో దాన్ని 5 శాతం చేశారు. సింగపూరులో 2023 నుంచి పౌరులు కొనే రెండో ఇంటిపై అదనపు సుంకం 20 శాతం. పర్యాటకుల ఫ్లాట్ల వల్ల స్థానికులకు ఇళ్లు కరవైన బార్సిలోనా నగరం, అలాంటి సుమారు 10 వేల ఫ్లాట్ల అనుమతులను 2028 నాటికి ఎత్తివేస్తామని ప్రకటించింది. మనం అంత దూరం వెళ్లాలని నేను అనడం లేదు. పైఅంతస్తు పోర్షనును బాడుగకిచ్చి దాని మీదే బతుకుతున్న పింఛనుదారులు ఈ ఊరిలో ఎందరో ఉన్నారు. వారిపై భారం పడకూడదు.

కానీ రోజు బాడుగకు తిప్పే ఫ్లాటు ఏ విధంగా చూసినా లాడ్జి గదే. మన రాష్ట్రంలో నివాస భవనాలకు, నివాసేతర భవనాలకు ఆస్తి పన్ను రేట్లు వేరు, కరెంటు మీటరు కేటగిరీలు వేరు. అలాంటి ఫ్లాటును నమోదు చేయించి నివాసేతర పన్ను, వాణిజ్య కరెంటు చార్జీ వసూలు చేయడానికి కొత్త పన్నేదీ కనిపెట్టనక్కర్లేదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించరాదంటోంది. రాతపూర్వక ఒప్పందం ఉండాలని, నోటీసు లేకుండా బాడుగ పెంచకూడదని కూడా చెబుతోంది. ఈ రక్షణలు ఇక్కడి బాడుగదారులకు ఆచరణలో అందితే పండగ ముందు ఖాళీ చేయమనడం ఇంత తేలిక కాదు.

నగరపాలక సంస్థ పరిధిలో 50 డివిజన్లు ఉన్నాయి, వార్డు సచివాలయాల్లో సిబ్బంది ఉన్నారు. వచ్చే అర్ధ సంవత్సరం ఆస్తి పన్ను నోటీసులు పంపేలోగా, ఏ డివిజనులో ఎన్ని ఫ్లాట్లు రోజు బాడుగకు నడుస్తున్నాయో లెక్క తీయించి ప్రజల ముందు పెట్టాలని కమిషనరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి