మా షాపులో అతికిన టర్బో వీల్ బండికి ఉంటే తీయించేయండి

చీమకుర్తి, ఒంగోలు టిప్పర్ ఓనర్లకి, క్వారీ కంప్రెసర్లవాళ్లకి నమస్కారం. ఈ ఏడాది మా దగ్గర ఆర్గాన్ (టిగ్) వెల్డింగ్ పెట్టించుకున్న టర్బో వీల్ (సైలెన్సర్ వైపుది) ఇంకా బండిమీద తిరుగుతుంటే ముందు దాన్ని తీయించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఆ వీల్ నిమిషానికి దాదాపు లక్ష చుట్లు తిరుగుతుంది. రెక్క ఊడితే టర్బోతో ఆగదు.

మొత్తం తొమ్మిది చేశాను. ఇంజన్లోంచి ఏదో ముక్క వచ్చి తగిలి రెక్కల అంచులు పోయినవే అన్నీ. 625 అనే నికెల్ మిశ్రమం రాడ్డుతో నింపి, గ్రైండ్ చేసి, బ్యాలెన్సింగ్‌కి పంపాను. నాలుగు తిరిగొచ్చాయి. పగులు నేను పోసిన చోట లేదు, దాని పక్కనే పాత లోహంలో ఉంది.

మొదట మసిని అనుమానించాను. ఊరికే కాదు. ఆ వీల్‌లో ఎక్కువ భాగం నికెలే. నికెల్ 1455 డిగ్రీలకి గానీ కరగదు, మసిలో ఉండే గంధకం కలిస్తే 640 దగ్గరే కరుగుతుంది. మసి, గ్రీజు మిగిలితే వెల్డు చీలుతుంది. అందుకని అసిటోన్‌తో రెండుసార్లు కడిగి చేశాను. చీలింది. కరెంటు తగ్గించాను. చీలింది. ఒకటి నా బల్లమీదే టిక్కుమంది. గ్రైండ్ చేసి మళ్లీ నింపితే పగులు పక్కకి జరిగింది. అప్పుడే ఆపాల్సింది, ఆపలేదు. ఆ తప్పు నాదే.

చివరికి ఒక వీల్ కోసి చెన్నైకి స్పెక్ట్రో టెస్టుకి (లోహంలో ఏమేం ఎంతెంత ఉన్నాయో చెప్పేది) పంపాను. కాగితంలో అల్యూమినియం ఆరు శాతానికి దగ్గరగా ఉంది. అది ఇన్‌కొనెల్ 713సి.

ఇన్‌కొనెల్ అనేది వేడికి ఆగే నికెల్ మిశ్రమాలకి ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు ఒకటని అన్నదమ్ముల గుణం ఒకటవుతుందా? 625, 718 ఏళ్లుగా అతుకుతున్నాను, ఆ ధైర్యంతోనే దీన్నీ పట్టుకున్నాను. 718లో అల్యూమినియం అర శాతం, టైటానియం ఒక శాతం. ఈ రెండూ నికెల్‌తో కలిసి లోపల సన్నటి గట్టి రేణువులు కడతాయి. ఎర్రటి వేడిలో కూడా వీల్ సాగకుండా నిలబడేది వాటి వల్లే. 713లో అల్యూమినియం అంత ఉంది కాబట్టి ఆ రేణువులు క్షణాల్లో కట్టేస్తాయి.

వేరుశనగ చిక్కీ పాకం చూసే ఉంటారు. వెచ్చగా ఉన్నప్పుడు ఎటు లాగినా వస్తుంది, బిగిశాక వంచితే విరుగుతుంది. వెల్డు చల్లారుతూ చుట్టుపక్కల లోహాన్ని లాగుతుంది. 713 ఆ లాగుడు తీరకముందే బిగిసిపోతుంది. గింజల్లాంటి స్ఫటికాలు గట్టిపడి, లాగుడంతా వాటి మధ్య హద్దులమీద పడి, అక్కడ చీలుతుంది. బల్లమీద బాగున్నది కూడా బండెక్కి పొగ వేడి తగిలాక మళ్లీ బిగిసి చీలుతుంది. 718లో ఆ రేణువులు కట్టే పని ఎక్కువగా నియోబియం చేస్తుంది, అది ఐదు శాతం దాకా ఉంటుంది. నిదానం మనిషి, లాగుడు తీరేదాకా ఆగుతుంది. పైగా 713లో హద్దులు గట్టిగా ఉండాలని చిటికెడు బోరాన్, జిర్కోనియం వేస్తారు. వెల్డు వేడికి ఆ హద్దులే ముందు కరుగుతాయి.

‘కంపెనీవాళ్లు ఇనుప షాఫ్ట్‌కి అతికిస్తున్నారుగా’ అని ఒకన్న నిలదీశాడు. నిజమే. అది రాపిడితోనో, శూన్యంలో ఎలక్ట్రాన్ పుంజంతోనో చేసే అతుకు. నా టిగ్ టార్చికీ దానికీ పోలిక లేదు.

కాబట్టి ఇకమీదట టర్బో వీల్స్ తీసుకోను, ఎంత బతిమాలినా సరే. మానిఫోల్డులు, స్టెయిన్‌లెస్ పైపులు, 625, 718 జాబులు మామూలే. ఏ లోహమో తెలియకపోతే స్పెక్ట్రో కాగితం వచ్చాకే టార్చి వెలిగిస్తా, ఆ ఖర్చు మీది.

ఆ తొమ్మిది వీల్స్‌కి తీసుకున్న డబ్బు తిరిగిస్తాను, బ్యాలెన్సింగ్ ఖర్చుతో సహా. కొత్త టర్బో ఖర్చు మొత్తం పెట్టుకునే తాహతు నాకు లేదు, ముందే చెబుతున్నా. బిల్లు పోయినా పర్లేదు, బండి నంబర్లు పుస్తకంలో రాసుకున్నాను. వీల్ మాత్రం తీసుకురండి, మీ కళ్లముందే కోసేస్తాను.