పెద్దాయన టీవీ దగ్గర్నుంచి దిగిపోయాడు

ఒరేయ్,

ముందే తిట్టకు. జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఆఫీసులో ఊపిరాడటం లేదు. ఇంట్లో అందరం బాగున్నాం, పాప పరీక్షలు అయిపోయాయి, అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నయం. వార్తలు సమాప్తం. ఇక అసలు సంగతి విను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మన పెద్దాయన టీవీ దగ్గర్నుంచి దిగిపోయాడు! అవును, నువ్వూ నేనూ రాత్రంతా కూర్చుని బిగించిన కంప్యూటరే. (మిగిలిపోయిన స్క్రూ ఎక్కడిదని మాత్రం ఇప్పుడు అడక్కు.)

మా తమ్ముడు ఓ స్ట్రీమింగ్ బాక్స్ పట్టుకొచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. చూడగానే నవ్వొచ్చింది. అంత ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్ల మోత ఉన్న పెద్దాయన ముందు ఇదెంత? పందెం పడింది. ఒకే టీవీ, ఒకే సినిమా, ఒకే సబ్‌స్క్రిప్షన్. పెద్దాయనలో లినక్స్ ఉంది కదా, విండోస్ బదులు వాడేది, అందులో బ్రౌజర్ తెరిచి పెట్టాను. హీరో గడ్డం నల్లరంగు పూసినట్టు ముద్దగా ఉంది. వాడు ఇన్‌పుట్ మార్చి అదే సీను బాక్స్‌లో పెట్టాడు. వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయిరా!

ప్రాసెసర్‌ని అని లాభం లేదు, అదంతా తాళాల గొడవ. సినిమాని తాళం వేసి పంపిస్తారు కదా. ఆ తాళం పేరు వైడ్‌వైన్, గూగుల్ వాళ్ళది. దాన్ని తీసే పని చిప్‌లో భద్రమైన చోట జరిగితే ఎల్1 స్థాయి, ఉత్త సాఫ్ట్‌వేర్‌లో జరిగితే ఎల్3. లినక్స్ బ్రౌజర్‌కి దక్కేది ఎల్3. దానికి 4కే ఇవ్వరు, కొన్ని సర్వీసులైతే 720పీ పడేసి ఊరుకుంటాయి. చందా మాత్రం ఇద్దరికీ ఒకటే! ఒళ్ళు మండిందనుకో.

తమ్ముడి మొహం చూడాలి ఆ పూట. కానీ ఆగు, పెద్దాయన వంతూ వచ్చింది. కెమెరా మెల్లగా పక్కకి జరిగే సీనొకటి ఉంది, వరసగా స్తంభాలు. బాక్స్‌లో అవి ఉండుండి చిన్నగా తడబడుతున్నాయి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ 60 హెర్ట్జ్‌లో ఉంది, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ వేస్తుంది. ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపిస్తే తప్ప లెక్క కుదరదు, ఆ తడబాటు అదే. మన సొంత కాపీని పెద్దాయనలోని కోడీ ప్లేయర్‌లో పెడితే స్తంభాలు నూనె రాసినట్టు జారిపోయాయి. టీవీ రిఫ్రెష్ రేటు, అదే ఆ హెర్ట్జ్ లెక్క, సినిమాకి తగ్గట్టు దానంతటదే మారేలా నువ్వు పెట్టిన సెట్టింగ్ పుణ్యమే. (2014లో పేరు మారినా నువ్వింకా ఎక్స్‌బీఎంసీ అనే అంటావు, తెలుసు.) బాక్స్‌లోనూ అలాంటి సెట్టింగ్ ఉందట, వెతికి ఆన్ చేశాడు. కొన్ని యాప్‌లు దాన్ని పట్టించుకోనే పట్టించుకోవు.

ఇంకోటి. మన డిస్కు కాపీలు ఉన్నాయి చూడు, 4కే బ్లూ-రేలో డేటా సెకనుకి 128 మెగాబిట్ల దాకా పోతుంది. ఈ బాక్స్ నెట్‌వర్క్ పోర్టు 100 దగ్గరే ఆగిపోతుంది. యాక్షన్ సీను రాగానే గిర్రున తిరిగే చక్రం! వైఫైకి మార్చాక కాస్త నయం, కానీ...

సరేలే, తీర్పు చెప్పింది మనం కాదు, అమ్మ. టీవీ రిమోట్‌తోనే బాక్స్ నడుస్తుంది, హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా రిమోట్ ఆజ్ఞలు పంపే సీఈసీ పుణ్యమా అని. పెద్దాయన గ్రాఫిక్స్ కార్డుకి అది లేదు. కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని మౌస్ బాణం వెతుక్కుంటూ సినిమా చూడమంటే అమ్మ చూస్తుందా? పైగా సరిగ్గా సినిమా మొదలయ్యే వేళకే ఆయనకి అప్‌డేట్లు గుర్తొస్తాయి. నాకూ విసుగేరా, ఒప్పుకోవాలి. అయినా బాక్స్ హోమ్ స్క్రీన్ నిండా ఆ ప్రకటనలేంట్రా, కొనుక్కున్నది మనం కాదా...

అందుకని పెద్దాయన్ని వెనక గదిలోకి మార్చి జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. సినిమాలు దాచి పంపేది ఆయన, చూపించేది బాక్స్. ఫ్యాన్ల మోత హాల్లోకి రాదు. ఇక మిగిలింది సౌండ్. ఆంప్లిఫయర్ని బాక్స్‌కి కలపాలా, టీవీ ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐలోంచే శబ్దం వెనక్కి పంపే దారి) మీదుగా ఇవ్వాలా అని తేలడం లేదు. ఏఆర్‌సీ అయితే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ, అదే నాణ్యత తగ్గని డాల్బీ శబ్దం, వెళ్ళదు, దాని కొత్త రకం ఈఏఆర్‌సీ కావాలి, మన ఆంప్లిఫయర్ చూస్తే పాతది, అందులో

అయ్యో, కింద కారు హారన్ కొడుతున్నారు, వెళ్ళాలి. ఆంప్లిఫయర్ సంగతి నువ్వే తేల్చి రాయి, త్వరగా.

నీ
స్క్రూ దొంగ