లంబోర్గిని కథలో ఇంజిన్ గురించీ రాయండి

సంపాదకుడు గారికి,

పత్రికల చదువుల పేజీల్లో, వ్యక్తిత్వ వికాస తరగతుల్లో లంబోర్గిని కథ ఎప్పుడూ ఒకే తీరుగా వస్తోంది. ట్రాక్టర్లు తయారుచేసే ఫెరూచో లంబోర్గిని తన ఫెరారీ కారు క్లచ్ బాగోలేదని చెప్పబోతే ఆ కంపెనీ అధినేత ఎంజో ఫెరారీ చులకన చేశాడని, ఆ పౌరుషంతో సొంత కారు కట్టి గెలిచాడని. క్లచ్ సంగతి ఫెరూచో స్వయంగా చెప్పుకున్నదే కనుక కొట్టిపారేయమని అనడం లేదు. అక్కడితో ఆపేస్తే మాత్రం మెకానికల్ చదివే పిల్లలకు పనికొచ్చే సరుకంతా బయటే ఉండిపోతోంది.

ఫెరూచో 1916లో ఇటలీలోని చెంతో దగ్గర రెనాత్సో అనే ఊళ్లో రైతుల ఇంట పుట్టాడు. యుద్ధమయ్యాక మిగిలిపోయిన మిలిటరీ బండ్ల భాగాలు కొని ట్రాక్టర్లు కట్టాడు. పెట్రోలు ప్రియం కనుక ఇంజిన్ పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక చౌకైన ఇంధనంతో నడిచే ఏర్పాటు చేశాడు. 1963లో సంతాగాత బొలోన్యేసెలో కార్ల ఫ్యాక్టరీకి పెట్టుబడి పెట్టగలిగాడంటే ఆ ట్రాక్టర్ల వ్యాపారం వల్లే.

తొలి ఇంజిన్‌ను గీసింది ఇంజినీరు జోత్తో బిజ్జారీని. 3.5 లీటర్లు, 12 సిలిండర్లు, వాల్వులు తెరిచే నాలుగు క్యామ్‌షాఫ్ట్‌లు. అది పందెం కారు పద్ధతిలో తయారైంది. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్లు నిలువుగా పైకి నిలబడటంతో ఎత్తు పెరిగిపోయింది. 1963 ట్యూరిన్ కార్ల ప్రదర్శనకు వచ్చేసరికి బానెట్ కింద ఇంజిన్ పట్టలేదు. బరువు కోసం లోపల టైల్స్ పేర్చి, బానెట్ మూసి చూపించారు. తర్వాత ఇంజినీరు జాన్‌పావ్‌లో దల్లారా కార్బురేటర్లను పక్కకు పడుకోబెట్టి ఎత్తు తగ్గించాడు. ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే డ్రై సంప్ తీసేసి మామూలు ఆయిల్ చాంబర్ పెట్టాడు, రోడ్డు మీద రోజూ నడిచేలా ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) దించాడు. 1964లో 350 జీటీ అలా బయటికొచ్చింది. ఆ ఇంజినే పెరుగుతూ పెరుగుతూ 6.5 లీటర్లయి 2010లో మూర్సియెలాగో కారు తయారీ ఆగిపోయేదాకా బతికింది. దాదాపు యాభై ఏళ్లు! డిజైన్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠంలో దొరుకుతుంది?

ఇక లంబోర్గిని మియురా కారు. ఫెరూచోకు కావలసింది పందెం కారు కాదు, దూరప్రయాణాలకు సుఖంగా ఉండే కారు. అందుకే దల్లారా, ఇంజినీరు పావ్‌లో స్తంజాని, టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్ డ్యూటీ అయ్యాక కూర్చుని మియురాను తీర్చిదిద్దారు. 1965లో ఒట్టి చాసిస్ (బాడీ లేని చట్రం) చూపించారు, 1966లో కార్ల బాడీలు గీసే బెర్తోనె సంస్థలోని కుర్ర డిజైనర్ మార్చెల్లో గాందీని గీసిన బాడీతో పూర్తి కారు వచ్చింది. 12 సిలిండర్ల ఇంజిన్‌ను సీట్ల వెనక అడ్డంగా పెట్టడానికి చోటు చాలక గేర్‌బాక్సును, ఇంజిన్‌ను ఒకే పోతలో కలిపేశారు. దాంతో రెండింటికీ ఒకే ఆయిల్. గేర్ల అరుగుదలలో రాలిన లోహపు రజను ఆ ఆయిల్‌తో పాటే బేరింగుల్లోకి పోయేది. మియురా ఎస్‌వీ రకంలో చివరగా వచ్చిన కార్లలో గానీ ఆయిల్‌ను విడదీయలేదు. ఇంకో చిక్కు పెట్రోలు ట్యాంకు. అది ముందు భాగంలో ఉండేది. పెట్రోలు తగ్గేకొద్దీ ముందు బరువు తగ్గి, పెద్ద వేగంలో ముక్కు తేలిపోయేది, స్టీరింగ్ పట్టు తప్పేది. పందెం కోసం చేసిన వెబర్ కార్బురేటర్లు ట్రాఫిక్‌లో బండి ఆగి ఇంజిన్ తిరుగుతుంటే (ఐడిలింగ్) పెట్రోలు పొర్లి నిలిచేది, మంట వెనక్కి తన్నితే (బ్యాక్‌ఫైర్) అంటుకునేది. ఇంత అందమైన కారుకు ఇన్ని తిప్పలు ఎందుకొచ్చాయో విడమరిచి చెబితే విద్యార్థి జన్మలో మరిచిపోడు.

పౌరుషం కథ దాటేసే మరో ముఖ్యమైన సంగతి, ఫెరూచో కంపెనీని నిలుపుకోలేకపోవడం. 1971 సైనిక తిరుగుబాటు తర్వాత బొలీవియా పెద్ద ట్రాక్టర్ ఆర్డరును రద్దు చేసింది. 1972లో కార్ల కంపెనీలో 51 శాతం, 1974లో మిగతాది అమ్మేశాడు. ట్రాక్టర్ల వ్యాపారం సామే అనే ఇటలీ కంపెనీకి పోయింది. 1973 చమురు సంక్షోభం వచ్చి పడింది, బీఎండబ్ల్యూ ఇచ్చిన ఎం1 కారు తయారీ పని చేజారింది, 1978లో కంపెనీ దివాలా తీసింది. ఆ తర్వాత మిమ్రాన్ సోదరులు, క్రైస్లర్, ఇండోనేసియా యజమానులు దాటి 1998లో ఆడి చేతికి వచ్చాక గానీ నిలదొక్కుకోలేదు.

ట్రాక్టర్ల శాఖను కొన్న ఆ సామే సంస్థే నేటి ఎస్‌డీఎఫ్. దాని ఫ్యాక్టరీ మన చిత్తూరు సరిహద్దు దాటగానే రాణిపేటలో ఉంది. ఈ సంబంధం మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మీ చదువుల పేజీలో ఈసారి లంబోర్గిని గురించి రాస్తే, మియురా ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసిన అడ్డుకోత బొమ్మ ఒకటి భాగాల పేర్లు తెలుగులో గుర్తించి వేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఆటోమొబైల్ విభాగం అధ్యాపకులు కొందరు,
తిరుపతి