ఫోటోలు తీయకూడదంటే ఆ ముక్క బోర్డు మీద రాయండి

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఊరి గోదావరి గట్టు మెట్ల మీద నిలబడి హేవలాక్ వంతెన స్తంభాలను ఫోటో తీస్తున్నాను. 1900లో రైళ్లు మొదలై, 1997లో ఆగిపోయిన ఆ వంతెనంటే నాకు పిచ్చి. ఇంతలో వెనక నుంచి ఒకాయన, "మా పాపని ఎందుకు తీశారండీ?" తిరిగి చూసేసరికి పది మంది పోగయ్యారు. కెమెరాలో ఫోటో చూపించాను. ఒక మూల ఎర్ర రిబ్బను, సగం జడ. అంతే. అయినా ఆయన ముందే డిలీట్ చేశాను.

ఆయన అడగడంలో తప్పు లేదు. స్నానాల రేవులో కెమెరా పట్టుకున్నవాణ్ణి ఎవరైనా ఓ కంట కనిపెట్టాల్సిందే. నాకు ఒళ్లు మండింది ఆ తర్వాత. యూనిఫాంలో ఉన్న ఒకాయన వచ్చి "పర్మిషన్ ఉందా?" అన్నాడు. దేనికి, ఎవరిస్తారు అని అడిగితే, "అదంతా తెలీదు, పెద్ద కెమెరా వాడకూడదు" అన్నాడు. సరిగ్గా ఆయన వెనకే నలుగురు కుర్రాళ్లు ఫోన్లతో రీల్స్ తీసుకుంటున్నారు. స్నానాలు చేస్తున్న ఆడవాళ్లంతా అందులో పడుతున్నారు. వాళ్లనెవరూ ఏమీ అనలేదు. చాటుగా తీసేవాడు మూరెడు లెన్సు మెడలో వేలాడేసుకుని వస్తాడా?

నవ్వి ఊరుకోవడానికి మనసొప్పడం లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకార్లు నమ్మి, మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు తీశారు. నాది తెల్లజుట్టు కాబట్టి "మాస్టారూ" అని వదిలేశారు. అదే తెలుగు రాని కుర్రాడైతే?

కేంద్ర పురావస్తు శాఖ 2018లోనే, అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ లోపలి సమాధి తప్ప తన కింద ఉన్న మిగతా కట్టడాల్లో ఫోటోలు తీసుకోవచ్చని చెప్పేసింది. అలాంటి మాట మన రేవుల గురించీ ఎవరో ఒకరు చెప్పాలి. ఆడవాళ్లు స్నానం చేసే చోట, బట్టలు మార్చుకునే గదుల దగ్గర ఫోనూ వద్దు, కెమెరా వద్దు అని పెద్దక్షరాలతో బోర్డు పెట్టండి. మిగతా గట్టు మీద తీసుకోవచ్చని కాపలా వాళ్లకు చెప్పండి. బోర్డు పెట్టిన రోజున నా కెమెరా నేనే సంచిలో పెట్టుకుంటాను, ఎవరూ అడగనక్కర్లేదు.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం