వరద బాధితుల మనసును అడిగే ముందు

సంపాదకుడు గారికి నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక మునిగినప్పుడు ప్రభుత్వం ఇంటింటికీ మనుషుల్ని పంపి నష్టం రాయించింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్ళకు 10,000 ప్రకటించింది. ఆటోలకు, తోపుడుబండ్లకు, కిరాణా కొట్లకు విడిగా లెక్క కట్టింది. ఇవన్నీ అవసరమే. అదే వరద మనుషుల లోపల ఏం చేసి వెళ్ళిందో మాత్రం పద్ధతిగా తెలుసుకునే ప్రయత్నం నా కంటికి ఆనలేదు. మళ్ళీ వానాకాలం రాబోతున్నందున ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆరోగ్య శాఖలో ఏఎన్ఎంగా చేరి, పర్యవేక్షకురాలిగా రిటైరయ్యాను. వరద తీసిన కొత్తలో పాలు, మంచినీళ్ళు, పులిహోర పొట్లాలు పంచే చోట చేతనైన సాయం చేశాను. ఒకరోజు వరసలో నిలబడిన ఇల్లాలి దగ్గరికి ట్యాబ్ పట్టుకుని ఓ కాలేజీ అమ్మాయి వచ్చింది. పేరు, వయసు అడిగాక గడగడా ప్రశ్నలు చదివింది. అందులో ఒకటి: "గత రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండునని ఎన్ని రోజులు అనిపించింది?" ఆ ఇల్లాలికి ముందు అత్తగారు, వెనక వీధి వీధంతా. "అబ్బే, అలాంటిదేం లేదమ్మా" అందామె, తల పక్కకు తిప్పుకుని. అమ్మాయి టిక్కు పెట్టుకుని పక్కావిడ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్లను నేనేమీ అనను, ఇచ్చిన పని చేసింది. కానీ ఆ ఇల్లాలు నోరు తెరిచి "అవును, అనిపిస్తోంది" అని ఉంటే? అప్పుడు ఎవరికి చెప్పాలో ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. మానసిక సాయానికి దేశమంతటా 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 కూడా ఆ అమ్మాయికి తెలియదు. నేనే చెప్పాను.

కుంగుబాటును అంచనా వేయడానికి ఎన్నో దేశాల్లో వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో అది ఆఖరి ప్రశ్న. పట్టిక మంచిదే. తలుపు వేసి, పక్కన కూర్చుని అడగాల్సింది అన్నం పొట్లాల దగ్గర అడిగితే వచ్చే జవాబుకు విలువుండదు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, నీరసంగా ఉంటోందా అన్నవీ అందులోనే ఉంటాయి. చుట్టూ మురుగునీళ్ళు, కరెంటు లేదు, డాబా మీద చంటిపిల్లలతో రోజులు గడిపినవాళ్ళు హాయిగా నిద్రపోయామని చెబుతారా? ఆ లెక్కన పేట పేటంతా రోగుల కింద జమైపోతుంది. తీరా ఆరు నెలలు గడిచాక, మబ్బు పట్టిందంటే చాలు బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించి, ఆధార్ కార్డులూ పిల్లల టెన్త్ సర్టిఫికెట్లూ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునే మనిషి ఎవరి లెక్కలోకీ రాదు. అప్పటికి సర్వే వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. ఇలాంటివాళ్ళు మా చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు.

ఇదంతా చెప్పి పరిశోధన మానేయమంటున్నానని అనుకోవద్దు. సరైన పరిశోధన లేకపోతే మంచి చేస్తున్నామనుకుని కీడు చేస్తాం. విపత్తు జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించి, గుండె బరువు దింపే ఒక్కరోజు కౌన్సెలింగ్ ఒకప్పుడు చాలా దేశాల్లో నడిచింది. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. పరీక్షించి చూస్తే దానివల్ల తర్వాతి మానసిక గాయం తగ్గలేదని తేలింది. ఒక అధ్యయనంలో ఏడాది తర్వాత ముప్పు పెరిగినట్టు కూడా కనిపించింది. కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష, బాధితులకు దాన్ని తప్పనిసరి చేయడం ఆపేయాలని 2002లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మరికొన్ని సంస్థలతో కలిసి తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం నడిచే దారి వేరు. చుట్టూ చూడండి, వాళ్ళు చెప్పదలిస్తే వినండి, కావలసిన సాయం దగ్గరికి చేర్చండి, చెప్పమని మాత్రం బలవంతపెట్టకండి అంటుంది. మన దగ్గర ఇంకా "అమ్మా, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి" అంటూ ఏడిపించి, దాన్నే కౌన్సెలింగ్ అనుకునేవాళ్ళు ఉన్నారు.

మేలు చేసేవేవో కూడా పరిశోధనే చూపించింది. పాకిస్తాన్‌లోని పెషావర్‌లో హింసకు నలిగిన 346 మందితో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. మానసిక వైద్యులు కాని మామూలు కార్యకర్తలే శిక్షణ తీసుకుని, వారానికొకసారి చొప్పున ఐదుసార్లు కలిశారు. ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, ఉన్న సమస్యల్లో చేతిలో ఉన్నదాన్ని ముందు పట్టుకోవడం, మానేసిన పనులు మళ్ళీ కొద్దికొద్దిగా మొదలుపెట్టడం, తోడు నిలిచే మనుషుల్ని వెతుక్కోవడం, ఇవే నేర్పారు. మూడు నెలల తర్వాత చూస్తే ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. ఇదే పద్ధతిని గుంపుగా కూర్చోబెట్టి నేపాల్ మొరంగ్ జిల్లాలోనూ పరీక్షించారు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, డ్వాక్రా సంఘాలు ఉన్న మన రాష్ట్రానికి ఇంతకంటే అనువైనది ఏముంది? అయితే పెషావర్‌లో పనిచేసింది పాయకాపురంలో పనిచేస్తుందో లేదో ఇక్కడే చూడాలి.

చూసే తీరు మాత్రం మారాలి. 2004 సునామీ తర్వాత శ్రీలంక తీరానికి పరిశోధకులూ కౌన్సెలర్లూ వెల్లువలా దిగారు. అడిగినవాళ్ళనే మళ్ళీ అడుగుతున్నారనీ, సమాచారం తీసుకుని వెళ్ళిపోతున్నారనీ అక్కడి వైద్యులే అభ్యంతరం చెప్పారు. మన దేశంలో నియమాలు లేకపోలేదు. విపత్తుల్లో మానసిక సాయం గురించి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాల్లో విపత్తు వేళ పరిశోధనకే ఒక అధ్యాయం ఉంది. సాయం కోసం చేయి చాచిన మనిషి, సర్వేకు కాదంటే సాయం ఆగిపోతుందేమోనని భయపడి ఒప్పుకునే ప్రమాదం ఉంది. ఈ నియమాలు ఉన్నదే ఆ మనిషిని కాపాడడానికి. పొట్లాల వరసలో అడగడం తప్పు కావడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇంకొక సంగతి. బాధంతా ఆ రాత్రి నీళ్ళదే అనుకుంటే పొరపాటు. పరిహారం జాబితాలో పేరు లేక ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు, అద్దె ఇంట్లో ఉన్నందుకు డబ్బు ఓనరుకా తమకా అని తగువులాడుకున్నవాళ్ళు, ఫైనాన్స్ వాయిదా కట్టలేక ఆటో పోగొట్టుకున్నవాళ్ళు వరదను తలుచుకుని కాదు, రేపటిని తలుచుకుని కుంగిపోయారు. విపత్తు తర్వాతి రోజువారీ ఇబ్బందులు మానసిక ఆరోగ్యాన్ని ఎంతగా దెబ్బతీస్తాయో పరిశోధకులు చాలా ఏళ్ళుగా చెబుతున్నారు. కాబట్టి పరిహారం ఎన్నాళ్ళకు చేతికందిందన్నది కూడా ఇక్కడ చేయబోయే ఏ అధ్యయనంలోనైనా ఒక ప్రశ్న కావాలి. అలాగే, ఎప్పటినుంచో స్కిజోఫ్రీనియాకో మూర్ఛకో మందులు వాడుతున్నవాళ్ళు ఉంటారు. నీళ్ళలో బీరువాతో పాటు మందుల చీటీ కూడా కొట్టుకుపోతే వాళ్ళ గతేమిటి? ఒక్కసారిగా మందు ఆగితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఇలాంటివాళ్ళను సహాయక శిబిరంలో మొదటి రోజే గుర్తించాలి. వాళ్ళ గురించి అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అందుకని నా మనవి ఇది. వరద వచ్చాక హడావిడి పడకుండా, వైద్య కళాశాలలు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కలిసి ఇప్పుడే అధ్యయన ప్రణాళిక రాసుకుని, పరిశోధన మనుషులకు కీడు చేయదని ముందే పరిశీలించే నైతిక సంఘం ముందు పెట్టాలి. ప్రశ్నలు సింగ్‌నగర్ ఆడవాళ్ళ మధ్య కూర్చుని తయారు చేయాలి. తాగుడు పెరిగిన ఇళ్ళ సంగతి వాళ్ళకు తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియదు. అడిగేవాళ్ళు ఆ వార్డు ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని రావాలి, ఆమెకు అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వాలి. ప్రాణం తీసుకోవాలని ఉందని ఎవరైనా చెబితే అదే రోజు డాక్టరు దగ్గరికి చేర్చే ఏర్పాటు లేనిదే ఆ ప్రశ్న అడగనివ్వకూడదు. అవే కుటుంబాలను నెలకు, ఆరు నెలలకు, మళ్ళీ మరుసటి వానాకాలంలో కలవాలి. ఫలితాలు ఇంగ్లీషు పత్రికల్లో రావడానికి ముందే, జవాబులు చెప్పినవాళ్ళను వార్డు సచివాలయానికి పిలిచి, తెలుగులో చదివి వినిపించి, అందులో తప్పుంటే దిద్దే అవకాశం వాళ్ళకే ఇవ్వాలి.

ఇట్లు
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, విజయవాడ